షామొనీ లోయలో ఏడు రోజులు: కొండదారుల వెంట పరుగు

మొదటి రోజు

జెనీవా విమానాశ్రయం నుంచి బయలుదేరిన బస్సు సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో ప్రవేశించి, ఆర్వ్ నదికి ఎదురుగా గంటకు పైగా ఎగువకు సాగిన తరువాత, కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్న తమ్ముడు ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకుని, "అన్నయ్యా, పైకి చూడు. అక్కడ కాదు, ఇంకా పైకి" అన్నాడు. అప్పటిదాకా నేను మబ్బు అనుకున్నది మబ్బు కాదు, మాంట్ బ్లాంక్. ఫ్రెంచి భాషలో ఆ పేరుకు తెల్లకొండ అని అర్థం. 2023లో కొలిచినప్పుడు దాని ఎత్తు 4,805.59 మీటర్లుగా తేలింది. దాని పాదాల దగ్గరున్న షామొనీ పట్టణం 1,035 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ఆ ఊరి వీధిలో నిలబడి తలెత్తిన మనిషికి దాదాపు 3,770 మీటర్ల నిలువు ఒకే చూపులో కనిపిస్తుంది. జూలై రెండో వారంలో ఏడు రోజులు అక్కడే ఉండి, కాళ్లు సహకరించినంత మేర రోజుకొక కొండదారిని పరుగెత్తి చూడాలన్నది మా ఇద్దరి సంకల్పం.

ముందుగా లోయ స్వరూపం చెప్పాలి. నైరుతి కొసన లేజూష్, ఈశాన్య కొసన లె తూర్ అనే గ్రామాలు ఉన్నాయి. నడుమ ఆర్వ్ నది పారుతుంది. నదికి ఆగ్నేయాన మాంట్ బ్లాంక్, దాని పక్కన సూదుల్లా నిలిచిన గ్రానైటు శిఖరాలు, వాటి సందుల నుంచి కిందికి జారే హిమానీనదాలు ఉంటాయి. వాయవ్యాన వాటికంటే పొట్టివైన మరో కొండల వరుస ఉంది. ఇనుము కలిసిన రాయి గాలికీ వానకూ తుప్పు పట్టి ఎర్రబారడం వల్ల దానికి ఎగ్వీ రూజ్, అంటే ఎర్ర సూదులు, అన్న పేరు వచ్చింది. ఈ రెండు వరుసల వాలు మీద అడ్డంగా, ఇంచుమించు ఒకే ఎత్తులో సాగే దారులను అక్కడివారు బాల్కనీలు అంటారు. అడవిలో, లోయ అడుగుకు దగ్గరగా ఉండేది చిన్న బాల్కనీ. చెట్లు ఆగిపోయే ఎత్తులో ఉండేది పెద్ద బాల్కనీ. వాటిలో మళ్లీ ఉత్తరపుది, దక్షిణపుది అని రెండు రకాలు. ఆ పేర్లు వాలు ఏ దిక్కుకు ముఖం పెట్టిందో దాన్నిబట్టి వచ్చాయి. మాంట్ బ్లాంక్ వైపు వాలు ఉత్తరానికి చూస్తుంది గనుక, పటంలో నదికి అవతల దక్షిణాన ఉన్నప్పటికీ దానిమీది దారి ఉత్తర బాల్కనీయే. ఇది తెలియక మేము మొదటి సాయంత్రమే పటాన్ని తలకిందులుగా చదివాం.

బడలిక తీరకపోయినా, జూలైలో అక్కడ రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది గనుక, సామాను గదిలో పెట్టి చిన్న దక్షిణ బాల్కనీ మీదుగా ఆర్జాంతియేర్ గ్రామం దాకా మెల్లగా పరుగెత్తాం. లార్చ్, స్ప్రూస్ చెట్ల నీడన ఎండుటాకులు పరుచుకున్న మెత్తని దారి అది. అక్కడక్కడ వేళ్లు అడ్డుపడతాయి, చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు ఉంటాయి, అంతకుమించి కష్టం లేదు. కొత్తగా వచ్చినవారు మొదటి రోజు ఈ దారినే పట్టడం మంచిదని నా అభిప్రాయం. దారి కూడలిలో పసుపుపచ్చని చెక్కపలక కనబడగానే తమ్ముడు "ఎన్ని కిలోమీటర్లుందిరా బాబూ ఇంకా" అని తనలో తాను అనుకుంటూ దాని దగ్గరికి వెళ్లాడు. పలకమీద గ్రామం పేరు, ఎత్తు, నడిచి వెళ్లడానికి పట్టే గంటలు ఉన్నాయి, కిలోమీటర్లు లేవు. ఆ వారం రోజుల్లో మేము చూసిన పలకలన్నీ అలాగే ఉన్నాయి.

తిరిగి రావడానికి చిన్న రైలెక్కాం. బస చేసిన చోట అతిథులకు ఇచ్చే కార్డు చూపిస్తే లోయలో రైలుకూ బస్సుకూ వేరే టికెట్టు అక్కరలేదు. పరుగెత్తేవారికి ఇది చాలా పెద్ద సదుపాయం. ఒక ఊళ్లో మొదలుపెట్టి మరో ఊళ్లో ముగించవచ్చు, వచ్చిన దారినే తిరిగి రావలసిన అగత్యం ఉండదు.

రెండో రోజు

షామొనీలో ఏటా జూన్ చివర మాంట్ బ్లాంక్ మారథాన్ పోటీలు జరుగుతాయి. వాటిలో ఒకదాని పేరు నిలువు కిలోమీటరు. ఊరి నడుమనున్న చర్చి ముందు మొదలై, 3.8 కిలోమీటర్ల దూరంలో సరిగ్గా 1,000 మీటర్లు పైకెక్కి, ప్లాన్‌ప్రా అనే చోట ముగుస్తుంది. పోటీ లేని రోజున కూడా ఆ దారి అందరికీ తెరిచే ఉంటుంది. పొద్దున ఏడింటికి మేము చర్చి ముందునుంచి బయలుదేరాం.

మొదటి పది నిమిషాలు పరుగెత్తాం. ఆ తరువాత పరుగు అన్నమాటకు అర్థం మారిపోయింది. దారి అడవిలో మెలికమీద మెలిక తిరుగుతూ ఎక్కుతుంది. ఒక్కొక్క మెలిక ఇరవై అడుగులకు మించదు. అంత నిటారు దారిలో పరుగుకూ వడిగా నడవడానికీ వేగంలో తేడా ఉండదు, ఊపిరికి అయ్యే ఖర్చులో మాత్రం చాలా తేడా ఉంటుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు చేతులూ మోకాళ్లపై తొడమీద ఆనించి, ప్రతి అడుగుకూ చేత్తో కిందికి నొక్కుతూ, నడుము వంచి నడుస్తారు. ఈ పద్ధతి నాకు పుస్తకజ్ఞానంగా తెలుసు. ఆ పొద్దున మొదటిసారి ఒంటికి తెలిసింది. మెడ దించి చూస్తే ముందు నడిచేవారి మడమలు తప్ప మరేమీ కనబడవు. పై మూడోవంతులో చెట్లు పలచబడి, బండరాతి మీద ఇనుప మెట్లు, పట్టుకోవడానికి ఇనుప తాళ్లు వచ్చాయి. పోటీలో ముందు వరుసవారు ఇదంతా 40 నిమిషాల లోపే ఎక్కేస్తారు. మాకు గంటా ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ప్లాన్‌ప్రాకు చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పైన గాలి చల్లగా కొట్టడంతో రెండు నిమిషాల్లో వణుకు మొదలైంది. ఎక్కేటప్పుడు ఎంత ఉక్కపోసినా పైకి చేరగానే తొడుక్కోవడానికి ఒక పొడి చొక్కా, ఒక పల్చని జాకెట్టు వీపుసంచిలో ఉండి తీరాలి.

అక్కడినుంచి లా ఫ్లెజేర్ వరకు సాగే పెద్ద దక్షిణ బాల్కనీ ఈ లోయ మొత్తంలో పరుగుకు అత్యంత అనువైన దారి అని నేను నిస్సంకోచంగా చెప్పగలను. ఎత్తు 2,000 మీటర్ల నుంచి 1,877 మీటర్లకు కొద్దికొద్దిగా తగ్గుతుంది. దారి పొడవునా కుడిచేతి వైపు లోయ, ఆ లోయకు అవతల మాంట్ బ్లాంక్, సూదుల వరుస, ద్రూ శిఖరం, మంచు సముద్రం అని పిలిచే మేర్ ద గ్లాస్ హిమానీనదం, దాని వెనుక గ్రాండ్ జోరాస్ గోడ, ఒక్కొక్కటే తెర తొలగించినట్టు ముందుకు వస్తాయి. ఆ కొండ మీదికి ఎక్కినవారికి ఆ కొండ కనిపించదు. దానికి ఎదురుగా ఉన్న ఎర్ర సూదుల మీద పరుగెత్తేవారికే అది పూర్తిగా కనిపిస్తుంది. అయితే చూస్తూ పరుగెత్తడం కుదరదు. దారిమీద పిడికిలంత రాళ్లు పరుచుకుని ఉంటాయి. చూడాలంటే ఆగాలి, పరుగెత్తాలంటే కళ్లు రెండు మూడు మీటర్ల ముందు నేలమీదే ఉండాలి.

లా ఫ్లెజేర్ పేరు ఈ రంగంలో ఉన్నవారందరికీ తెలిసినదే. 2003లో మొదలైన యూటీఎంబీ పందెం మాంట్ బ్లాంక్ పర్వతసమూహాన్ని చుట్టి, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా 170 కిలోమీటర్లకు పైగా సాగి, దాదాపు 10,000 మీటర్లు ఎక్కించి దించుతుంది. ఆగస్టు చివర ఒక శుక్రవారం సాయంత్రం షామొనీలో బయలుదేరినవారికి చివరి పెద్ద ఎక్కుడు లా ఫ్లెజేరే. 2022లో కీలియన్ జోర్నే ఆ పందేన్ని, కుదించని పూర్తి దారిలో, తొలిసారిగా 20 గంటల లోపు, 19 గంటల 49 నిమిషాల్లో ముగించాడు. మరుసటి ఏడు జిమ్ వామ్‌స్లీ దాన్ని 19 గంటల 37 నిమిషాలకు తగ్గించాడు. వారు ఆఖరున దిగిన అడవిదారినే, పూలకుండీలతో నిండిన లా ఫ్లోరియా చావడి మీదుగా, మేమూ దిగాం. రాత్రంతా, పగలంతా పరుగెత్తి వచ్చిన కాళ్లతో ఆ వేళ్లమధ్య ఎలా దిగగలిగారో ఆ దారి చూసిన తరువాతే నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది.

మూడో రోజు

వాన. తొడలు కూడా పట్టేశాయి. కొండ ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువును ఆపవలసి వస్తుంది. అలవాటు లేని కండరంలో ఈ రెండో పనికే సన్నని నారలు దెబ్బతింటాయి, ఆ నొప్పి వెంటనే కాక ఒకటి రెండు రోజుల తరువాత ముదురుతుంది. మెట్లు దిగడానికి తమ్ముడు గోడ పట్టుకున్నాడు.

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక ఆర్వ్ ఒడ్డున ఐదు కిలోమీటర్లు నెమ్మదిగా కదిలాం. ఈ నదిలో నీరు పాలలో బూడిద కలిపినట్టు ఉంటుంది. హిమానీనదం తన అడుగున రాతిని నూరి చేసిన పిండి ఆ నీటిలో తేలుతుంది. వేసవిలో ఎండ పెరిగేకొద్దీ మంచు కరిగి నది ఉబ్బుతుంది. ఒడ్డున నిలబడితే మాట వినబడనంత హోరు. ఆ రోజుకు అంతే.

నాలుగో రోజు

ఉత్తరపు వాలు. పొద్దున మొదటి కేబుల్ కారులో ప్లాన్ ద లెగ్వీ మజిలీకి, 2,317 మీటర్ల ఎత్తుకు చేరాం. 1955లో నిర్మించిన ఈ మార్గం అక్కడినుంచి రెండో అంచెగా 3,842 మీటర్ల ఎత్తున్న ఎగ్వీ ద్యు మిది శిఖరానికి పోతుంది. పరుగు కోసం వచ్చినవారు మధ్య మజిలీలోనే దిగాలి. కాలినడకన ఎక్కి రావాలని ఉన్నా, ముందురోజు తొడల సంగతి చూసి ఆ పట్టుదల వదిలేశాం. అందులో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను.

పెద్ద ఉత్తర బాల్కనీ దక్షిణ బాల్కనీ వంటిది కాదు. అక్కడ కొండ కళ్లెదుట ఉంటే, ఇక్కడ నెత్తిమీద ఉంటుంది. సూదుల పాదాల నుంచి దొర్లిపడిన గ్రానైటు బండలను పలకలుగా పేర్చి దారి వేశారు. ఆ గ్రానైటులో అభ్రకం ఉంటుంది. మధ్యలో ఒకచోట కూర్చుని బూట్ల తాళ్లు బిగించుకుంటూ ఆ రాతిని దగ్గరగా చూశాను. తెల్లటి గింజ, బూడిదరంగు గింజ, వాటి నడుమ గోరంత కూడా లేని నల్లని రేకు. సూర్యుడు కొండ అంచు దాటి ఆ బండమీద పడిన క్షణంలో ఆ రేకులన్నీ ఒక్కసారి వెలిగాయి. అరచేత్తో తడిమితే సానరాయిలా గరుగ్గా ఉంది. ఆ గరుకుతనమే పరుగెత్తేవారికి ఆధారం. పొడిగా ఉన్నంతసేపు బూటు అడుగు ఆ రాతిని జారకుండా పట్టుకుంటుంది. తడిసి, పైన నాచు పట్టిన చోట మాత్రం అదే రాయి మోసం చేస్తుంది. బండల దారిలో అడుగు పొడవు తగ్గించి, అడుగుల సంఖ్య పెంచాలి. ఒక రాయి కదిలినా బరువు పూర్తిగా దానిమీద పడకముందే కాలు రెండో రాతిమీదికి వెళ్లిపోవాలి. తమ్ముడికి ఇది పుట్టుకతో వచ్చినట్టుంది. నాకు రాలేదు, అందుకే వాణ్ణి ముందు పొమ్మన్నాను.

దారి చీలే చోట ఎడమది నేరుగా మోంటాన్‌వెర్‌కు దిగుతుంది, కుడిది కొంచెం ఎక్కి సిగ్నల్ ఫోర్బ్ అనే 2,198 మీటర్ల గుట్టకు పోతుంది. కుడిదే పట్టండి. 1842లో జేమ్స్ డేవిడ్ ఫోర్బ్స్ అనే స్కాట్లాండ్ భౌతికశాస్త్రవేత్త ఈ హిమానీనదం రోజుకు ఎంత కదులుతుందో ఇక్కడికి వచ్చి కొలిచాడు. మంచు నదిలా పారుతుందన్నది మాటవరసకు అన్నది కాదని, ఒడ్డులకంటే నడుమ వడిగా కదులుతుందని ఆ కొలతలు చూపించాయి. ఆ గుట్టమీద వచ్చిపోయినవారు పేర్చిన రాళ్ల కుప్పలు వందల కొద్దీ ఉన్నాయి. వాటి మధ్యనుంచి కిందికి చూస్తే మేర్ ద గ్లాస్ కనబడుతుంది.

దాని గురించి నేను ఊహించుకుని వెళ్లినది వేరు. 1741లో విండమ్, పోకాక్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ఇక్కడికి వచ్చి చూసినప్పుడు, తుపాను వేళ గడ్డకట్టిన నీటిలా ఉందని వర్ణించగా ఆ పోలికే పేరుగా నిలిచింది. ఇప్పుడు మోంటాన్‌వెర్ రైల్వేస్టేషను దగ్గర నిలబడి చూస్తే కింద ఉన్నది బూడిదరంగు రాళ్లు కప్పుకున్న ఒక పెద్ద గుంట. 1850 తరువాత ఇక్కడ మంచు మట్టం 150 మీటర్లకు పైగా దిగిపోయింది. మంచుదాకా దిగడానికి 1988లో చిన్న కేబుల్ పెట్టెలు ఏర్పాటు చేసినప్పుడు వాటినుంచి కొద్దిపాటి మెట్లు దిగితే సరిపోయేది. మంచు తగ్గిన కొద్దీ మెట్లు కలుపుతూ పోగా అవి 500 దాటాయి. చివరకు 2024లో మంచు ఇంకా మిగిలిన ఎగువ చోటికి కొత్త కేబుల్ మార్గం వేశారు. పాత మెట్ల పక్కన రాతిమీద ఏ సంవత్సరంలో మంచు ఎక్కడిదాకా ఉండేదో తెలిపే పలకలు ఉన్నాయి. 1985 అని రాసిన పలక నా తలకు ఎంతో పైన ఉంది. ఆ ఏడు నేను బడిలో చేరాను. నా వయసులోనే ఇంత మంచు పోయిందన్న సంగతి అంకెల్లో చదివినప్పుడు కలగని బాధ ఆ పలక కింద నిలబడినప్పుడు కలిగింది. తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కిందికి ఎర్ర రైలు ఉంది. మేము అడవిదారిన, కాయే చావడి మీదుగా, 870 మీటర్లు దిగి ఊరు చేరాం.

ఐదో రోజు

ఈ రోజు అనుకున్నది లాక్ బ్లాన్, అంటే తెల్ల చెరువు, 2,352 మీటర్లు. కోల్ దే మోంతే కనుమలో, 1,461 మీటర్ల దగ్గర బస్సు దిగి, ఎర్ర సూదుల అభయారణ్యంలోకి ప్రవేశించాం. 1974 నుంచి ఇది రక్షిత ప్రాంతం. కుక్కలను తీసుకురాకూడదు, పువ్వు కోయకూడదు, మెలికల మధ్య అడ్డదారి తొక్కకూడదు. ఈ చివరి నియమం పరుగెత్తేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒక్కరు అడ్డంగా దిగితే గడ్డి నలుగుతుంది, పదిమంది దిగితే మన్ను బయటపడుతుంది, ఆ తరువాత మొదటి పెద్ద వానకు అది వాగవుతుంది.

తెత్ ఓ వాన్ అనే 2,132 మీటర్ల మిట్టకు చేరేసరికి పది కూడా కాలేదు. షెజెరీ చెరువుల దగ్గర ఇంకా పాత మంచు ముద్దలు కరగక మిగిలి ఉన్నాయి. వాటి అంచున, మాకు ఇరవై అడుగుల దూరంలో, పెద్ద కొమ్ముల ఐబెక్స్ మేక ఒకటి పడుకుని నెమరు వేస్తోంది. మమ్మల్ని చూసి తల కూడా తిప్పలేదు. చెరువు నీళ్లలో మాంట్ బ్లాంక్ నీడ నిలకడగా ఉంది. పదిన్నరకు ఆ నీడ కనబడకుండా పోయింది. మబ్బు పడమటి నుంచి, మేము తిరిగి చూడని వైపునుంచి వచ్చింది.

మెరుపుకూ ఉరుముకూ నడుమ లెక్కపెడితే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం తెలుస్తుంది. మొదటిసారి పదిహేను లెక్కపెట్టాం, రెండోసారి తొమ్మిది. చెరువుకు పోయే దారిలో ఇనుప నిచ్చెనలు ఉన్నాయి. "ఇంకో ఇరవై నిమిషాలే కదా అన్నయ్యా, తాకి వచ్చేద్దాం" అన్నాడు తమ్ముడు. "వద్దురా, దిగు" అన్నాను. వాడి ముఖం చిన్నబోయింది గాని ఎదురు చెప్పలేదు. చేతికర్రలు మడిచి సంచికి కట్టేసి, మిట్టను వదిలి, లా ఫ్లెజేర్ వైపు వాలుకు అడ్డంగా పరుగెత్తాం. పావుగంటలో శనగగింజలంత వడగళ్లు పడ్డాయి, దారి క్షణాల్లో తెల్లబడింది. కేబుల్ కార్ మజిలీ చూరు కిందికి చేరాక చూస్తే నా చేతివేళ్లు బూటు తాడు విప్పలేనంతగా కొయ్యబారి ఉన్నాయి. అది జూలై నెల. అత్యవసరంలో 112 నంబరుకు ఫోను చేస్తే కొండల్లో రక్షణ దళం వస్తుంది, కాని మబ్బులో హెలికాప్టరు ఎగరలేదు. యూటీఎంబీ వంటి పందేల్లో జాకెట్టు, వెచ్చదనం నిలిపే రేకు దుప్పటి, ఈల, తలదీపం లేనిదే బయలుదేరనివ్వరు. ఆ జాబితాను పందెం లేని రోజున కూడా పాటించడమే సరైనది.

లాక్ బ్లాన్‌ను నేను ఇంతవరకు చూడలేదు.

ఆరో రోజు

వాన వెలిసిన మరుసటి ఉదయం ఆకాశం కడిగిన పలకలా ఉంది. లే బోసోన్ గ్రామం పైనున్న లె మోన్ నుంచి లా జోంక్స్యోన్ అనే చోటికి బయలుదేరాం. 2,589 మీటర్ల ఎత్తున, బోసోన్, తాకోనా అనే రెండు హిమానీనదాలు విడిపోయే కొసన, ఈ దారి ముగిసిపోతుంది. అక్కడినుంచి ముందుకు మంచు తప్ప నేల లేదు. ఎక్కవలసినది దాదాపు 1,400 మీటర్లు, వచ్చిన దారినే దిగాలి. 1,895 మీటర్ల దగ్గరున్న పిరమీద్ చావడి దాకా అడవి, ఆపైన ఇరుకైన రాతి వెన్ను. నెమ్మదిగా ఎక్కాం. కిందికి వచ్చేవారు పక్కకు ఒదిగి పైకి వచ్చేవారికి దారి ఇవ్వడం, ఎదురుపడిన ప్రతివారూ "బోఁజూర్" అని పలకరించడం ఇక్కడి మర్యాద. ఊపిరి అందని ఎక్కుడులో కూడా ఆ ఒక్క మాట దాచుకోకుండా పలికేవాళ్లం.

ఈ రాతి వెన్నుమీదే 1786 ఆగస్టు 7 రాత్రి జాక్ బాల్మా, మిషెల్ గాబ్రియెల్ పాకార్ తలదాచుకున్నారు. మరునాడు సాయంత్రం మాంట్ బ్లాంక్ శిఖరం మీద మొట్టమొదటగా కాలుమోపారు. ఒకడు కొండల్లో స్ఫటికాలు వెతికి అమ్ముకునేవాడు, రెండోవాడు ఊరి వైద్యుడు. వారికి తాళ్లు లేవు, మంచుగొడ్డళ్లు లేవు. పొడుగాటి కర్రలు మాత్రం ఉన్నాయి.

చివరి అరగంటలో పరుగు లేదు, చేతులు కూడా వాడాలి. బండలు దాటి చివరి మెరక ఎక్కగానే మంచు మా కాళ్ల ముందు విరిగిపడి ఉంది. ఇళ్లంత దిమ్మెలు, వాటి చీలికల్లో నీలం. ఎక్కడో లోపల ఏదో కూలిన చప్పుడు. ఏది కూలిందో వెతికేలోపే మళ్లీ నిశ్శబ్దం.

నేను ఇంత దూరం రావడానికి ఈ చోటే అసలు కారణమని తమ్ముడికి అక్కడే చెప్పాను. 1950 నవంబరు 3న మలబార్ ప్రిన్సెస్ అనే ఎయిర్ ఇండియా విమానం ఈ కొండకు గుద్దుకుని 48 మంది మరణించారు. 1966 జనవరి 24న మరో ఎయిర్ ఇండియా విమానం, కాంచనగంగ అన్న పేరుగల బోయింగ్ 707, ఇదే కొండమీద కూలి 117 మంది మరణించారు. వారిలో మన అణుశాస్త్ర కార్యక్రమానికి పునాది వేసిన హోమీ భాభా ఉన్నారు. రెండు విమానాల శకలాలనూ మంచు మింగింది. మింగినదాన్ని ఏళ్ల తరబడి మెల్లగా కిందికి మోసుకొచ్చి, ఈ బోసోన్ హిమానీనదం చివరన బయటపెడుతోంది. 2012లో భారత ప్రభుత్వ దౌత్య తపాలా సంచి ఒకటి దొరికింది. 2020లో ఇందిరాగాంధీ ఎన్నిక వార్త మొదటి పేజీలో ఉన్న 1966 నాటి మన దినపత్రికలు, ఇంకా చదవడానికి వీలైన స్థితిలో దొరికాయి. పైన పడినది కిందికి చేరడానికి అర్ధశతాబ్దం పట్టింది. ఆ దూరంలో కింది భాగాన్ని మేము పక్కనున్న రాతిమీద ఒక పూటలో ఎక్కి దిగుతున్నాం.

తమ్ముడు టోపీ తీశాడు. నేనూ తీశాను. గాలి లేదు. కాసేపటికి వాడు, "వాళ్ల వాళ్లెవరైనా ఇక్కడిదాకా వచ్చి ఉంటారా అన్నయ్యా" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

దిగేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. వాడు ముందుకు పోలేదు.

ఏడో రోజు

చివరి దారి సులువైనది, ఆనందమైనది. రైల్లో మోంరొక్‌లో దిగాం. 1999 ఫిబ్రవరి 9న ఈ గ్రామంమీద హిమపాతం విరుచుకుపడి 12 మంది ప్రాణాలు తీసింది. పచ్చగడ్డి వాలు కింద నిలబడి ఉన్నప్పుడు ఆ మాట నమ్మడం కష్టం. అక్కడినుంచి లె తూర్ మీదుగా ఆవుల మెడగంటల చప్పుడు వింటూ కోల్ ద బాల్మ్ కనుమకు ఎక్కాం. 2,191 మీటర్ల ఆ కనుమే ఫ్రాన్స్‌కూ స్విట్జర్లాండ్‌కూ సరిహద్దు. హద్దురాయికి అటొక కాలు ఇటొక కాలు పెట్టి నిలబడి, నైరుతికి తిరిగితే లోయ మొత్తం ఈ కొసనుంచి ఆ కొసదాకా కనబడింది. ఎడమన బోసోన్ మంచునాలుక ఎక్కడిదాకా జారిందో, కుడిన ఎర్ర సూదుల నడుమ బాల్కనీ గీతలా ఎలా సాగిందో వేలితో చూపించుకున్నాం.

పొజెట్ శిఖరం 2,201 మీటర్లు. దాని వెన్నుమీద దారికి రెండు పక్కలా రోడోడెండ్రాన్ పొదలు ఎర్రగా పూసి ఉన్నాయి. అవతల స్విట్జర్లాండ్‌లోని ఎమొసోన్ ఆనకట్ట తెల్లని అంచులా కనిపించింది. అక్కడినుంచి త్రే-లె-షాన్ దాకా 784 మీటర్ల దిగుడు. మొదట పలకరాళ్లు, తరువాత దుంగలు అడ్డంగా పాతిన మెట్లు, ఆపైన అడవి. దుంగ అంచుమీద కాలు వేయకూడదు, దాటి వేయాలి. వారం కింద ఇలాంటి దిగుడులో ప్రతి మెలిక దగ్గర ఆగిన నా మోకాళ్లు ఆ రోజు ఆగలేదు. తమ్ముడు వెనక్కి చూసి, "నువ్వు ముందు పద అన్నయ్యా, నేను నీ వెనక వస్తా" అని పక్కకు జరిగాడు.

ఆర్జాంతియేర్ స్టేషనుకు వచ్చేసరికి రైలు కదిలిపోతోంది. మరొకటి గంట తరువాత. ఊరి తొట్టి దగ్గర సీసాలు నింపుకుని, ముఖాలు కడుక్కున్నాం. కూర్చుందామా అని నేను అనబోయేలోపే తమ్ముడు బూటు తాడు బిగించి, మొదటి సాయంత్రం వచ్చిన చిన్న బాల్కనీ వైపు చూస్తున్నాడు. కూడలిలోని పసుపు పలకమీద షామొనీకి ఎన్ని గంటలో రాసి ఉంది. ఈసారి వాడు దాన్ని చదవడానికి ఆగలేదు.